అత్తమామలతో ఊటీ: ఒక ఫ్యామిలీ సూట్ తీసుకోవాలా, రెండు రూములా?

గుంటూరు కోడలు
మే మొదటి వారంలో ఊటీ వెళ్తున్నాం. ఆరుగురం: మేమిద్దరం, పదో తరగతి పరీక్షలు రాసిన పాప, తొమ్మిదేళ్ల బాబు, అత్తయ్యగారు, మామయ్యగారు. మామయ్యగారికి 74 ఏళ్లు, షుగరుకి రోజూ మాత్రలు వేసుకుంటారు. కారుకి ఈ-పాస్ కూడా తీసేసుకున్నాం (2024 మే నుంచి బయటి బండ్లు నీలగిరి జిల్లాలోకి వెళ్లాలంటే అది ఉండాలి). బస దగ్గరే తేలడం లేదు. ఒకే హోటల్లో ఫ్యామిలీ సూట్ రాత్రికి 9,000, మామూలు డబుల్ రూమ్ అయితే ఒక్కోటి 4,800. మావారు సూట్ తీసుకుందామంటున్నారు. "ఇంట్లో ఎటూ ఎవరి గదిలో వాళ్లమే, అక్కడైనా అందరం ఒక్కచోట ఉందాం" అన్నది ఆయన మాట. నేను రెండు రూములే కావాలంటున్నాను.

నా కారణం చెప్తాను. పోయిన డిసెంబరులో అరకులో ఇలాగే సూట్ తీసుకున్నాం. ఆరుగురికీ ఒక్కటే బాత్రూమ్. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. అత్తయ్యగారు స్నానం చేసి దీపం పెట్టుకునేసరికి ఆరున్నర. రెండో రోజు పాపకి నెలసరి వచ్చింది. లోపల అది బట్టలు తడుపుకుంటుంటే, బయట తాతయ్య భుజాన తువ్వాలు వేసుకుని నిలబడి రెండుసార్లు తలుపు కొట్టారు. ఆయన తప్పేం లేదు, ఆ వయసులో ఆగలేరు. కానీ బయటికొచ్చిన పిల్ల ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నేనేమో మూడు రాత్రులూ చుడీదార్ మీద చున్నీ వేసుకునే పడుకున్నాను. మళ్లీ అలా వెళ్లడం నాకిష్టం లేదు. మీలో పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు ఏం చేశారు?

రిటైర్డ్ మాస్టారు
అమ్మా, నాది మీ మామయ్యగారి వయసే. ఆ వైపు నుంచి ఒక మాట చెప్తాను. నేను సూట్ పక్షం.

రెండేళ్ల క్రితం మున్నార్‌లో మా అబ్బాయి మాకు ఒక రూమ్, వాళ్లకి ఒకటి తీసుకున్నాడు. మాది కింద, వాళ్లది రెండో అంతస్తు. రాత్రి రెండింటికి మా ఆవిడకి షుగరు పడిపోయింది. లేచి చూస్తే జాకెట్టంతా చెమటతో తడిసిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి, అడిగినదానికి పొంతన లేని జవాబులు. బిస్కెట్లున్న సంచీ అబ్బాయి వాళ్ల గదిలో ఉండిపోయింది. రిసెప్షన్‌కి చేస్తే ఎత్తేవాళ్లు లేరు. మావాడి సెల్లు సైలెంట్‌లో ఉంది. టీ కెటిల్ పక్కన చక్కెర పొట్లాలు కనిపించాయి. నాలుగు చింపి నీళ్లలో కలిపి పట్టించాను. పావుగంటకి నన్ను పేరు పెట్టి పిలిచింది. అప్పుడు గాని నేను కూర్చోలేదు.

మీ అరకు ఇబ్బంది చిన్నదని అనను. కానీ బాత్రూమ్ దగ్గర ఆగడం వేరు, అర్ధరాత్రి ఒంటరిగా ఉండడం వేరు. ఇంకొకటి కూడా ఉంది. రెండు రూములంటే మాకు ఎలా ఉంటుందంటే, తొమ్మిదింటికి "పడుకోండి మరి" అని తలుపు దగ్గరికేసి వెళ్లిపోతారు. పగలంతా కారులో కిటికీలోంచి చూడ్డమే, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడేది ఆ రాత్రి పూటే. అదీ పోతే మేము ఎందుకు వచ్చినట్టు?

ఫ్రంట్ ఆఫీస్, విశాఖ
హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. సగం గొడవ పేరు దగ్గరే మొదలవుతుంది. బుకింగ్ సైట్లలో "ఫ్యామిలీ సూట్" అని ఉన్నవాటిలో చాలావరకు రెండు డబుల్ కాట్లు వేసిన ఒక పెద్ద గదే. మధ్యలో గోడ ఉండదు. కొన్నిచోట్ల బెడ్రూము, బయట సోఫా వేసిన చిన్న హాలు. నిజంగా రెండు బెడ్రూములు, రెండు బాత్రూములు ఉన్న సూట్ అయితే మీ ఇద్దరి సమస్యా తీరిపోతుంది. కానీ కొండ ఊళ్లలో ఆ ధరకి అది దొరకడం కష్టం. ఫొటోల్లో మంచాలు కాదు, తలుపులు లెక్కపెట్టండి. అర్థం కాకపోతే ఫోన్ చేసి "బాత్రూమ్‌లెన్ని?" అని అడగండి.

రెండోది పన్ను. మీరు రాసినవి జీఎస్టీ కలపని ధరలే అనుకుంటున్నాను. గది అద్దె రోజుకు 7,500 దాకా ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రేట్లు. అంతకుముందు 7,500 లోపు గదులకు 12 శాతం ఉండేది. దీన్ని ఒక్కో గదికి చూస్తారు, మొత్తం బిల్లుకు కాదు. మీ సూట్ 9,000 మీద పన్ను 1,620, మొత్తం 10,620. రెండు రూములు 9,600 మీద పన్ను 480, మొత్తం 10,080. పైకి సూట్ 600 తక్కువ, చేతిలోంచి పోయేది 540 ఎక్కువ. మూడు రాత్రులకు 1,620 తేడా. సూట్ 7,500 లోపు దొరికితే మాత్రం ఈ తేడా ఉండదు.

మాస్టారు చెప్పిన భయానికి మా దగ్గర ఉన్న మందు కనెక్టింగ్ రూములు. అంటే రెండు గదుల మధ్య లోపలే ఒక తలుపు ఉంటుంది, రెండు వైపులా గడియ. "అడ్జాయినింగ్" అంటే ఊరికే పక్కపక్కన, లోపల తలుపు ఉండదు. ఈ రెండు మాటలూ కలిపేసి చాలామంది మోసపోయామనుకుంటారు. సైట్‌లో "ప్రత్యేక విన్నపం" గడిలో రాసినంత మాత్రాన గది మీకు కేటాయించినట్టు కాదు. హోటల్‌కే నేరుగా ఫోన్ చేసి, గది నంబర్లు వేసి మెయిల్ పంపమనండి. బయల్దేరే ముందురోజు మళ్లీ ఒకసారి గుర్తు చేయండి.

ఇద్దరు ఆడపిల్లల తల్లి
మేమైతే ఆడవాళ్లం ఒక రూము, మగవాళ్లు ఒక రూము. అత్తయ్యగారు, నేను, పిల్లలు ఒకచోట. బట్టలు మార్చుకోవడం, జడలు వేసుకోవడం, అన్నీ హాయి. పెద్దాయన పక్కన కొడుకు ఉంటాడు కాబట్టి రాత్రి భయం లేదు. మీ పాపకి కూడా ఇదే నయం.

కడప అబ్బాయి
పైన అక్క చెప్పింది పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు సరే. సెలవుకి వెళ్లి కూడా మొగుడూ పెళ్లాం విడివిడిగానేనా? ఇంట్లో పిల్లల చదువులు, ఆఫీసులు, మాట్లాడుకునే తీరికే ఉండదు. ఆ మూడు రాత్రులు వాళ్లకీ కావాలి కదా. దీన్ని పైకి అడగడానికి మొహమాటపడి అందరూ సూట్ అనేస్తారు.

డల్లాస్ నుంచి
ఇక్కడ లెక్క వేరు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు నయాగరాకి వంటగది ఉన్న సూట్ తీసుకున్నాం. అమ్మ బయట తినదు. రైస్ కుక్కర్, పచ్చడి సీసా పట్టుకెళ్లాం, రాత్రికి పెరుగన్నం. అందుకు సూట్ బాగా పనికొచ్చింది. కానీ ఆరుగురికి సరిపోతుందని రాసినదాంట్లో ఇద్దరి పడక సోఫా కమ్ బెడ్. మోకాళ్ల నొప్పులున్న నాన్న దాంట్లోంచి లేవలేక నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. మర్నాడు మా మంచం వాళ్లకిచ్చి సోఫా మీద మేం పడుకున్నాం. "ఆరుగురికి" అంటే మంచాలెన్ని, సోఫాలెన్ని అని విడిగా అడగండి.

రిటైర్డ్ మాస్టారు
విశాఖ బాబు చెప్పిన మధ్య తలుపు సంగతి నాకు తెలీదు. అది ఉంటే నా అభ్యంతరం సగం పోయినట్టే. మిగతా సగం మాత్రం ఉంది. ఆ తలుపు తీసి ఉంచేవాళ్లుండాలి.

గుంటూరు కోడలు
అందరికీ నమస్కారం. మాస్టారూ, మీరు రాసింది రాత్రి మావారికి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నారు, ఇంత వాదించుకున్నాం గాని నాన్నని ఒక్కమాటా అడగలేదని.

పొద్దున కాఫీ ఇస్తూ అడిగాను. మామయ్యగారు సూట్ అనలేదు, రెండు రూములనీ అనలేదు. "బాత్రూముకి మెట్టు లేకుండా చూడమ్మా, అరకులో రాత్రిపూట ఆ మెట్టు దగ్గర గోడ పట్టుకుని దిగేవాణ్ణి" అన్నారు. మూడు రోజులు అదే బాత్రూమ్ వాడాను. ఆ మెట్టు నా కంటికి ఆననే లేదు.

హోటల్‌కి ఫోన్ చేశాను. సూట్‌లో బాత్రూమ్ ఒక్కటేనట. కనెక్టింగ్ రూములు ఉన్నాయి గాని అవి మొదటి అంతస్తులో, లిఫ్ట్ లేదు, పైగా బాత్రూముకి నాలుగంగుళాల మెట్టు. కింద పక్కపక్కన రెండున్నాయి, మెట్టు లేదు, మధ్య తలుపూ లేదు. కిందవే ఖాయం చేశాం, నంబర్లతో మెయిల్ కూడా వచ్చింది. బాబు తాతయ్య వాళ్ల దగ్గరే పడుకుంటానన్నాడు, వాడికో మంచం అదనంగా వేయమన్నాం. పాప మా దగ్గర. మావారి సెల్లు మోత పెద్దగా పెట్టి తల దగ్గరే ఉంటుంది, మామయ్యగారి సెల్లులో ఒకటి నొక్కితే దానికే వెళ్లేలా పెట్టాం. గ్లూకోజ్ డబ్బా, బిస్కెట్లు వాళ్ల సంచీలోనే సర్దాను. రాత్రి భోజనాలయ్యాక పదింటిదాకా అందరం వాళ్ల గదిలోనే కూర్చుంటాం, మాస్టారూ. అత్తయ్యగారు అప్పుడే పేకముక్కలు తీసి పెట్టెలో వేశారు.