కష్టంలో చేసే స్తుతి నటన అవుతుందా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మావారి ఉద్యోగం పోయి, అత్తగారు మంచాన పడిన ఈ సమయంలో, ఆరాధనలో స్తుతి పాటలు పాడుతుంటే నటిస్తున్నానేమో అనిపిస్తోంది. బాధను దాచుకొని స్తుతించడం దేవునికి ఇష్టమేనా? ఏమీ లేని నేను ఇతరులకు ఏమి పంచగలను?

జవాబు 1:
వందనాలమ్మా. బాధను దాచుకోమని బైబిల్లోని కీర్తనలు నేర్పవు. ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణే నిలదీస్తూ మొదలయ్యే 13వ కీర్తన పాటతో ముగుస్తుంది. మధ్యలో పరిస్థితులు చక్కబడ్డాయని మాత్రం దావీదు ఎక్కడా చెప్పలేదు. ముందు మొర పెట్టండి.

జవాబు 2:
బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం కూడా చూడండి. ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో బెత్తాల దెబ్బలు తిని, కాళ్లకు బొండ (కొయ్య సంకెళ్లు) బిగించి ఉండగా సువార్త ప్రకటించే పౌలు, సీలలు మధ్యరాత్రి ప్రార్థిస్తూ పాడారు, తోటి ఖైదీలు విన్నారు. మనం తరచుగా అప్పుడు వచ్చిన భూకంపం దగ్గరే ఆగిపోతాం గాని, తలుపులు తెరుచుకున్నాక వారు పారిపోకుండా, ఖైదీలు పారిపోయారనుకొని ప్రాణం తీసుకోబోయిన చెరసాల నాయకుణ్ణి ఆపడమే నాకు ముఖ్యంగా తోస్తుంది. ఆ రాత్రే అతడు వారి గాయాలు కడిగి భోజనం పెట్టాడు.

జవాబు 3:
పంచడం గురించి ఒక మాట. ఫిలిప్పీ ఉన్న మాసిదోనియ సంఘాలు నిరుపేదవైనా యెరూషలేము పరిశుద్ధుల (అక్కడి విశ్వాసుల) కోసం ధారాళంగా ఇచ్చాయని కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు రాశాడు. అయితే ఇవ్వడమంటే డబ్బే కానక్కరలేదు. మంచాన ఉన్నవారికి సేవ చేయడం మీకు తెలుసు కనుక, అదే స్థితిలో ఉన్న మరో ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోండి. ప్రస్తుతం ఇతరుల సహాయం మీరే అందుకోవలసివస్తే, మొహమాటపడకుండా అందుకోండి.