రిజర్వ్డ్ డేటాబేస్: ఏడాది డబ్బు ముందే కట్టాలా, నెలనెలా కట్టాలా?

మిర్యాలగూడ మిల్లుసాఫ్ట్: రైస్ మిల్లులకు కాటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. డేటాబేస్ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోని అజూర్ ఎస్‌క్యూఎల్‌లో ఉంది. ఏడాది వాడతామని ముందే ఒప్పుకుంటే రేటు తగ్గిస్తారు, దాన్నే రిజర్వేషన్ అంటారు. అది ఏడాదికి రూ.1,20,000 అనుకోండి. ఒకేసారి కట్టాలా, నెలకు రూ.10,000 కట్టాలా? ఒకేసారి అంటే అప్పు తేవాలి.

పాలమూరు డీబీఏ: ఒకేసారి కట్టెయ్ తమ్మీ. వాయిదాలంటే వడ్డీ కలిపే ఉంటది. ఎవరూ ఊరికే ఇవ్వరు.

నల్లగొండ బ్యాకెండ్: అజూర్‌లో అట్ల లేదన్నా. ఎట్ల కట్టినా మొత్తం ఒకటే, అదనపు రుసుము లేదు. మీరు చెప్పేది అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) డేటాబేస్ సేవ ఆర్‌డీఎస్ సంగతి. అక్కడ మొత్తం ముందే కడితే తక్కువ పడుతుంది. వీళ్లు మొదటి పదివేలు చేతి నుంచి పెట్టి, మిగిలిన రూ.1,10,000 నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఒకేసారి కట్టారనుకోండి, నెలకు పదివేలు తీర్చుకుంటూ పోయినా వడ్డీకే రూ.13,200 పోతాయి.

పాలమూరు డీబీఏ: మరి డాలర్ సంగతి? రూపాయల్లో కడితే నెల వాయిదా ఆ నెల మారకం రేటును బట్టి మారుతుంది.

నల్లగొండ బ్యాకెండ్: మారుతుంది. కానీ ఆ వడ్డీని మించాలంటే మిగిలిన పదకొండు వాయిదాల మీద డాలర్ రేటు సగటున 12 శాతం పెరగాలి.

గద్వాల చేనేత: స్టోరేజీ బిల్లు ఎట్లాగూ వేరే వస్తుంది. రిజర్వేషన్ కంప్యూట్‌కే, అంటే ప్రాసెసర్ వాడకానికే.

పాలమూరు డీబీఏ: లెక్కలు నాకూ వచ్చు. పాత కంపెనీలో నెలవారీయే పెట్టారు. కార్డు గడువు తీరిపోయింది, అకౌంట్స్ వాళ్లు పట్టించుకోలేదు. అర్ధరాత్రి ఫోన్లు నాకు, మాటలు నాకు. ఈ లెక్కలు చెప్పేవాళ్లు ఆ రోజు ఒక్కరూ పలకలేదు.

నల్లగొండ బ్యాకెండ్: వాళ్లు చేసిన పనికి నా మీద కోపమెందుకు? ఈ మిల్లుసాఫ్ట్ పిల్లలు అప్పుల పాలైతే మీరు కడతారా?

పాలమూరు డీబీఏ: నా భయమూ అదే! మూడు నెలలకు మిల్లులు జారిపోతే? నెలవారీ కదా, వదిలేద్దాం అనుకుంటారు.

నల్లగొండ బ్యాకెండ్: అయితే మీ అనుమానం వాయిదాల మీద కాదు, ఏడాది నిలబడతారా అన్నదాని మీద. నెలనెలా కట్టినా అది ఏడాది ఒప్పందమే. రద్దుకు అజూర్‌లో రెండింటికీ ఒకటే నిబంధన: 12 నెలల్లో 50,000 డాలర్ల విలువ దాకా రద్దు చేసుకోవచ్చు. ఇప్పుడు రుసుము లేదు, ముందుముందు 12 శాతం వేయొచ్చని రాసుకున్నారు. ఆర్‌డీఎస్‌లో అసలు రద్దే లేదు.

మిర్యాలగూడ మిల్లుసాఫ్ట్: మిల్లుల వాళ్లు వానాకాలం, యాసంగి వడ్లు వచ్చినప్పుడే డబ్బులిస్తారన్నా. మధ్యలో మా చేతిలో ఏమీ ఉండదు.

పాలమూరు డీబీఏ: మరి ఈ మాట ముందే చెప్పాలి కదా! ఇప్పుడు రిజర్వేషనే వద్దు. ఒక పంట గడవనీ, ఎంతమంది మళ్లీ కడతారో చూడు.

నల్లగొండ బ్యాకెండ్: అంతదాకా పూర్తి రేటు ఎందుకు కట్టాలి? లారీలు బారులు తీరే రోజుల్లో ఎన్ని కోర్లు (ప్రాసెసర్ యూనిట్లు) కావాలి, మామూలు రోజుల్లో ఎన్ని?

మిర్యాలగూడ మిల్లుసాఫ్ట్: సీజన్‌లో 4, మిగతా రోజుల్లో 2.

నల్లగొండ బ్యాకెండ్: ఆ 2 కోర్లకే రిజర్వేషన్ తీసుకో, నెలవారీ. పైవి వాడినంత వరకే కట్టు.

పాలమూరు డీబీఏ: రెండంటే సరే. కార్డు ఎవరి పేరు మీద ఉంది, గడువు ఎప్పుడు? ముందు అది చెప్పు.