ట్రైపాడ్‌కి ముక్కాలి సరిపోతుందా? మరి ‘తేలికపాటి’ సంగతి?

అడిగినవారు:
ప్రయాణాల్లో ఫొటోలు తీసేవాళ్ల కోసం తెలుగులో ఓ చిన్న పుస్తకం రాస్తున్నాను. వెంట మోసుకెళ్లడానికి వీలైన ట్రైపాడ్‌ని ఎలా ఎంచుకోవాలన్నది అందులో ఒక అధ్యాయం. దానికి ‘తేలికపాటి ప్రయాణ త్రిపాది’ అని పేరు పెట్టాను. ఇంట్లో చదివి వినిపిస్తే ‘ఇదేమన్నా పద్యమా?’ అన్నారు. ముక్కాలి అనొచ్చా? లేక ట్రైపాడ్ అనే ఉంచెయ్యమంటారా?

జవాబు:
మీ ఇంట్లోవాళ్ల చెవి గట్టిదండీ. ద్విపదకి అలవాటుపడ్డ చెవికి త్రిపాది అంటే ఛందస్సే తోస్తుంది. కన్నడంలో త్రిపది అనే ఛందస్సు ఉండనే ఉంది. గాయత్రి ఛందస్సుకీ మూడు పాదాలే, పాదానికి 8 చొప్పున 24 అక్షరాలు. కెమెరా నిలబెట్టే వస్తువు గుర్తుకొచ్చేలోపు ఇవన్నీ అడ్డొస్తాయి.

ముక్కాలి మాత్రం చక్కటి మాట. ‘మూడు’ సమాసంలో ముందుకొస్తే ‘ము’గా కుదించుకుని, తర్వాతి హల్లుకి ఒత్తు తగిలిస్తుంది: ముక్కంటి, ముజ్జగాలు, ముమ్మారు, ముప్పేట. మూడు కన్నులున్నవాడు ముక్కంటి అయినట్టే మూడు కాళ్లున్నది ముక్కాలి. ముక్కాలిపీట అందరికీ తెలిసిందే. తమిళంలోనూ మూడు కాళ్ల పీట ముక్కాలియే, నాలుగు కాళ్ల కుర్చీ నార్కాలి.

ఒక్క చిక్కుంది. ‘ముక్కాలు’ అన్నామంటే అర్థం మారిపోతుంది. పాత లెక్కల్లో కాలు అంటే పావు, ముక్కాలు అంటే ముప్పావు. ‘పని ముక్కాలు మువ్వీసం అయింది’ అంటాం కదా, అది నిజంగా లెక్కే. వీసం పదహారో వంతు. ముప్పావుకి మూడు వీసాలు కలిపితే 15/16, అంటే ఇంకొక్క వీసమే మిగిలిందన్నమాట. ఇకారం ఉంటే పీట, ఉకారం ఉంటే లెక్క అని తేల్చేద్దామంటే ‘కి’ చేరగానే రెండూ ‘ముక్కాలికి’ అయి కూర్చుంటాయి. వాక్యాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే.

సంస్కృతానికీ ఇదే తిప్పలు. పాదమంటే అడుగూ, నాలుగో వంతూ. పురుషసూక్తంలోని ‘త్రిపాదస్యామృతం దివి’లో మూడు కాళ్లు లేవు, ముప్పావు ఉంది. నాలుగు కాళ్ల జంతువులో ఒక కాలు పావు వంతే కదా!

ఇంకో తమాషా. కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే మర సాధారణంగా పావు అంగుళానిదే, అంగుళానికి 20 చుట్లు. పాత లెక్కలో చెబితే ముక్కాలి నెత్తిన ఉండేది కాలంగుళం మర.

మరొకరు:
టీపాయిని మరిచిపోయారేం? అందులోనూ మూడు కాళ్లున్నాయని విన్నాను.

జవాబు:
ఉన్నాయండీ! హిందీలో తిపాయి. ‘తి’ మూడు, ‘పాయి’ ఫారసీ కాలు. పైజామాలో ఉన్నదీ ఆ కాలే. ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్లాక దాని మీద టీ కప్పులు పెట్టుకుంటారు కాబట్టి స్పెల్లింగులోకి టీ దూరింది. గ్రీకు ‘పౌస్’, సంస్కృత పాదం, ఫారసీ పాయ్ ఒకే మూలానివి. ట్రైపాడ్, త్రిపాది, టీపాయి అలా దాయాదులు. ముక్కాలి ఒక్కటే ఆ వంశం కాదు, అది ద్రావిడ మాట. మా ఇంట్లో టీపాయికి మాత్రం నాలుగు కాళ్లున్నాయి, ఏం చేస్తాం.

అడిగినవారు:
బావుంది. అయితే ‘తేలికపాటి ముక్కాలి’ అని ఖాయం చేసేసుకోనా?

జవాబు:
ముక్కాలి సరే. నా గొడవంతా ‘తేలికపాటి’తోనే.

తేలు ధాతువుకి ‘ఇక’ చేరితే తేలిక, కోరుకి చేరి కోరిక అయినట్టు. నీళ్లమీద తేలేది తేలిక. అక్కడిదాకా బానే ఉంది. ‘పాటి’ చేరితేనే మాట వాలిపోతుంది. తేలికపాటి జ్వరం, తేలికపాటి జల్లు, తేలికపాటి గాయం. అన్నిట్లోనూ ‘పెద్దగా లెక్కపెట్టక్కర్లేదు’ అన్న ధ్వనే. తేలికపాటి ట్రైపాడ్ అనగానే నాకు బరువు తక్కువని కాదు, అంతంతమాత్రం సరుకని వినిపిస్తుంది.

ఇంకో మాట, ట్రైపాడ్ కొనేది తేలిక కోసం కాదు, కుదురు కోసం. అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డిచుట్టని, గుడ్డచుట్టని కుదురు అంటారు. ‘కుదురుగా కూర్చో’ అన్నప్పుడల్లా ఆ చుట్ట మాటే వాడుతున్నాం. మూడు కాళ్లకి ఆ గుణం పుట్టుకతోనే ఉంది. మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలం మీద ఉంటాయి కాబట్టి ఎగుడుదిగుడు నేల మీద కూడా మూడు కాళ్లూ నేలకి ఆనతాయి. నాలుగో కాలుంటే టకటకమంటుంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. మూరెడు కూడా లేకుండా ముడుచుకునే, కిలోలోపు బరువున్న ట్రైపాడొకటి మురిపెంగా కొన్నాను. ఒక్కో కాలికి ఐదు గొట్టాలు, ఒకదాన్లో ఒకటి దూరేవి. అన్నిటికన్నా కింది గొట్టం నా చిటికెనవేలికన్నా సన్నం. తెల్లవారుజామున కొండ మీద ఐదు గొట్టాలూ లాగి, నడుమ గొట్టం కూడా పైకెత్తి 8 సెకన్ల ఫొటో తీశాను. గాలి పెద్దగా లేదు. తెరమీద చూస్తే అంతా అలుక్కుపోయి ఉంది. బరువు కోసం కొక్కేనికి బ్యాగు తగిలిస్తే అది గడియారం లోలకంలా ఊగి ఇంకా చెడగొట్టింది. కింది గొట్టాలు లోపలికి తోసేసి, నడుమ గొట్టం దించేసి, బ్యాగు అడుగు నేలకి ఆనేలా సర్దితే అప్పుడు కుదుటపడింది. మోకాళ్లమీద కూర్చుని తీయాల్సొచ్చిందనుకోండి.

కారణం సులువే. గోడమందం అంతే ఉంచి గొట్టం వ్యాసాన్ని సగం చేస్తే వంగకుండా నిలిచే బలం సుమారు 8వ వంతుకి పడిపోతుంది. అందుకే గొట్టాలు తక్కువైతే కాలు గట్టి, ఎక్కువైతే సంచీలో పట్టే సైజు. కార్బన్ ఫైబర్ అయితే అల్యూమినియం కన్నా తేలిక, అదురు కూడా త్వరగా అణిగిపోతుంది, డబ్బు మాత్రం ఎక్కువ పెట్టాలి. నన్నడిగితే నాలుగు గొట్టాలది చాలు. ఎత్తు చూసుకునేటప్పుడు నడుమ గొట్టం ఎత్తకుండా ఎంతొస్తుందో అదే లెక్క.

ఆ అధ్యాయంలో ‘స్టెబిలిటీ లేదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. మనకి ఒక్కో రోగానికీ ఒక్కో క్రియ ఉంది. గాలికి కాళ్లు ఊగుతాయి. షట్టర్ బటన్ వేలితో నొక్కినప్పుడు కెమెరా అదురుతుంది, దానికి 2 సెకన్ల టైమర్ పెడితే చాలు. బరువైన లెన్సు తగిలిస్తే బాల్‌హెడ్, అంటే కెమెరాని ఎటైనా తిప్పి బిగించే గుండు తల, వాలుతుంది, బిగించి వదిలాక ఫ్రేము వెంట్రుకవాసి కిందికి దిగుతుంది చూడండి, అదీ వాలడం. తిప్పి బిగించే తాళం సరిగ్గా పడకపోతే కాలు జారుతుంది. ఏ క్రియ రాశారో చూస్తే పాఠకుడికి మందు కూడా తెలిసిపోతుంది.

ఇంకొకరు:
ఇంత చెప్పారు గానీ, దుకాణంలో ముక్కాలి ఇమ్మంటే పీట చూపిస్తారు. ట్రైపాడ్ అందరికీ అర్థమయ్యే మాట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు ఈ పట్టుదల ఎందుకు?

జవాబు:
ఈ కుందేలుకి నిజంగానే మూడు కాళ్లండీ! మీరన్నది మాత్రం కాదనను. కొనేటప్పుడు ట్రైపాడ్ అనే అడుగుతాను. పుస్తకంలో మొదటిసారి ‘ట్రైపాడ్, అంటే ముక్కాలి’ అని రాసేసి, తర్వాత వాక్యంలో ఏది ఇమిడితే అది వాడుకోవచ్చు. ‘ముక్కాలి కాళ్లు’ అని రాయాల్సొస్తే మాత్రం ట్రైపాడ్ కాళ్లే నయం, లేకపోతే కాళ్లకి కాళ్లొస్తాయి.

అడిగినవారు:
పేరు మార్చాను: ‘మోతకు తేలిక, నిలిస్తే కుదురు’. త్రిపాదిని పీకేశాను. తర్వాతి అధ్యాయం మోనోపాడ్. దాన్నేమనాలి?

జవాబు:
ఒంటికాలి. ‘ఒంటికాలి మీద లేచాడు’ అని నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి. కానీ దానికి కుదురు అన్న మాట వాడకండి. చెయ్యి తీస్తే పడిపోతుంది.