వరి చేను ఆహారజాలంలో కప్ప, తూనీగ: బాణం ఎటు వేయాలి?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. సైన్సు ప్రాజెక్టుకి మా వరి చేనునే ఆహారజాలంగా గీస్తోంది. సోమవారం ఇవ్వాలి, టెన్షన్ మాత్రం నాది.

మొదట్లో సులువుగానే ఉంది. వరి, ఎలుక, జెర్రిపోతు ఒక గొలుసు. ఎలుకను గుడ్లగూబ కూడా తింటుంది కాబట్టి అక్కడో కొమ్మ. తినబడేదాని నుంచి తినేదాని వైపు బాణం వేయాలని తెలుసు. పాప మొదట తిరగేసి వేసింది, దిద్దుకున్నాం.

చిక్కంతా కప్ప దగ్గర వచ్చింది. పెద్ద కప్ప తూనీగను తింటుంది. కానీ నీళ్లలో ఉండే తూనీగ పిల్ల తోకకప్పల్ని పట్టి తింటుంది! అంటే రెండు వైపులా బాణాలు వేయాలా? లేక తోకకప్పను, కప్పను వేరే వేరే గడుల్లో పెట్టాలా? పాప రెండోదే కరెక్ట్ అంటోంది, నాకూ అలాగే అనిపిస్తోంది.

ఇంకొకటి. వరి రసం పీల్చే పురుగు సుడిదోమను సాలీళ్లు తింటాయి. దోమకని మందు కొడితే ముందు సాలీళ్లు పోయి, తర్వాత దోమ ఇంకా ఎక్కువవుతుంది. మా చేలోనే ఒకసారి చూశాను. దీన్ని చార్టులో ఎలా చూపించాలి? బాణం కొట్టేస్తే చాలా?

చనిపోయినవాటిని కుళ్లబెట్టే బూజు, బాక్టీరియాలకు ప్రతి జీవి నుంచీ గీతలు గీస్తే చార్టు సాలెగూడులా అయిపోతోంది. టీచర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.