అప్‌డేట్: బెలుం, గండికోట చూసొచ్చాం

కర్నూలు నుంచి కడపకు ఇద్దరమే కారులో పోతూ బెలుం గుహలు, గండికోట ఒకే రోజు చూడొచ్చా అని అడిగాను కదా. చూడొచ్చు, బెలుం పొద్దున్నే పెట్టుకుంటే. గుహల పొడవు 3,229 మీటర్లు, జనాన్ని వదిలేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరే. అదే ఎక్కువ! లోపలి ఉక్కకు మా ఆవిడ కళ్లద్దాలు మసకబారుతుంటే చున్నీతో తుడుచుకుంటూనే పాతాళగంగ దాకా దిగింది.

తాడిపత్రిలో స్నేహితుడి ఇంట్లో భోజనం. వాళ్లమ్మ సంగటి మీద సంగటి వేస్తుంటే కదలనిస్తేనా! చింతల వెంకటరమణస్వామి గుడి చూడటానికి టైమే మిగల్లేదు.

గండికోటలో మాధవరాయ గుడి, జామా మసీదు గబగబా తిరిగి, పొద్దు వాలేలోపు పెన్నా లోయ దగ్గరికి చేరాం. అంచు నిటారుగా ఉంటుంది, సెల్ఫీల పిచ్చి ఉన్నవాళ్లు కాస్త చూసుకోండి.

వచ్చేసారి లేపాక్షి. అనంతపురం నుంచి పొద్దున బయల్దేరితే సరిపోతుందా?