వారం నోటీసు ఎంత వివరంగా రాసినా చదవట్లేదు, తప్పు ఎక్కడుంది?

చాక్‌పీసు:
అందరికీ నమస్తే. నేను హైస్కూల్ టీచర్ని. ఈ ఏడాది నుంచి పేరెంట్స్‌కి వారం వారం పంపే నోటీసు తయారుచేసే పని నా నెత్తిన పడింది, "మీ తెలుగు బాగుంటుంది కదండీ" అని మెల్లగా అంటగట్టారు లెండి. శుక్రవారం సాయంత్రం కూర్చుని, ఆ వారం జరిగినవి, వచ్చే వారం జరగబోయేవి అన్నీ పోగేసి, రెండు పేజీల పీడీఎఫ్ చేసి క్లాస్ గ్రూపులన్నిట్లో పెడతాను.

పోయినసారి నోటీసులో ఏమున్నాయంటే, మొదట హెడ్ గారి సందేశం, తర్వాత సైన్స్ ఫెయిర్లో మా పిల్లలకి వచ్చిన బహుమతి, లైబ్రరీ కొత్త టైమింగ్స్, యూనిట్ టెస్ట్ టైంటేబుల్, గురువారం కళ్ళ పరీక్ష ఉంది కాబట్టి కళ్ళజోడు ఉన్నవాళ్ళు తప్పకుండా తెచ్చుకోవాలని, ఫీల్డ్ ట్రిప్ స్లిప్పు సంతకం చేయించి బుధవారం లోపు ఇవ్వాలని, పేరెంట్ టీచర్ మీటింగ్ స్లాట్లు, స్పోర్ట్స్ ప్రాక్టీస్ వల్ల రెండు రోజులు బస్సులు ఆలస్యమని, చివర్లో పోయిన వస్తువుల డబ్బాలో 11 వాటర్ బాటిళ్ళు ఉన్నాయి దయచేసి తీసుకెళ్ళండని. ఇంకేవో కూడా ఉన్నాయి, మొత్తం 14.

బుధవారానికి నా క్లాసులో 42 మందికి గాను 17 స్లిప్పులు వచ్చాయి. గురువారం సగం మంది కళ్ళజోడు ఇంట్లో పెట్టి వచ్చారు. ఆ ముందు రోజు రాత్రి పదకొండింటికి ఒకాయన గ్రూపులో "రేపు యూనిఫామా, స్పోర్ట్స్ డ్రెస్సా మేడం" అని అడిగారు, అది మొదటి పేజీలోనే ఉంది! ఎర్ర అక్షరాలు పెట్టి చూశాను, "ముఖ్య గమనిక" అని పెట్టి చూశాను, చివరికి అన్నిటికీ ముఖ్య గమనికే అయిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. ఎలా రాస్తే చదువుతారు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాత_గుమాస్తా:
మేడం, నేను చాలా ఏళ్ళు స్కూల్ ఆఫీసులో పనిచేశాను, ఇలాంటివి వందల్లో టైప్ చేసి ఉంటాను కాబట్టి చెప్తున్నా. మీరు రాసిన లిస్టులో రెండు వేరే వేరే రకాలు కలిసిపోయాయి. సైన్స్ ఫెయిర్ బహుమతి వార్త, అది ఈరోజు చదివినా వచ్చే నెల చదివినా ఎవరికీ నష్టం లేదు. స్లిప్పు అలా కాదు, దానికి గడువుంది, బుధవారం దాటితే ఆ లైను చచ్చినట్టే. ఈ రెండిటినీ ఒకే వరసలో పెడితే చదివేవాళ్ళు రెండిటినీ వార్తల్లాగే చదువుతారు, "ఓహో" అనుకుని ఫోన్ పక్కన పెడతారు.

అందుకని గడువున్నవన్నీ పైకి తెచ్చేయండి, అదీ తేదీల వరసలో. హెడ్ గారికి ఏది ముఖ్యమో ఆ వరసలో కాదు. ఒక్కో లైన్లో ఏ రోజు, ఏ క్లాసు, ఏం చెయ్యాలి, ఈ మూడే ఉండాలి. మా రోజుల్లో "విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలెట్టేవాళ్ళం, ఆ ఏమనగా దాటి అసలు విషయానికి వచ్చేసరికి సగం కాగితం అయిపోయేది. దాని బదులు "బుధవారం లోపు, తొమ్మిదో క్లాసు: ట్రిప్ స్లిప్పు మీద సంతకం పెట్టి క్లాస్ టీచర్‌కి పంపండి. స్లిప్పు లేకపోతే ట్రిప్‌కి తీసుకెళ్ళం" అని రాసి చూడండి. చెయ్యకపోతే ఏమవుతుందో చెప్పడం మర్యాద తక్కువేం కాదు.

ఇంకోటి, రేపు, ఎల్లుండి, వచ్చే సోమవారం లాంటి మాటలు నోటీసులో రాయొద్దు. మీరు శుక్రవారం పంపింది ఒకాయన ఆదివారం చూస్తాడు, ఇంకొకరు సోమవారం ఫార్వర్డ్ చేస్తారు, ఎవరి "రేపు" వాళ్ళదే. తేదీ, వారం రెండూ రాయండి, రాసిన ప్రతిదీ క్యాలెండర్ పక్కన పెట్టుకుని సరిచూడండి. నేనోసారి మంగళవారం 14వ తేదీ అని కొట్టాను, 14 బుధవారం. మీటింగ్‌కి సగం మంది మంగళవారం వచ్చారు, సగం మంది బుధవారం, రెండు రోజులూ తిట్లు నాకే.

ఇద్దరు_పిల్లల_తల్లి:
నేను అవతలి వైపు నుంచి చెప్తానండి. పెద్దాడు పదో క్లాసు, చిన్నది ఏడు, రెండు క్లాస్ గ్రూపులు, రెండు బస్సు గ్రూపులు, ట్యూషన్‌ది ఒకటి, స్పోర్ట్స్‌ది ఒకటి, అన్నీ కలిపి రోజుకి ఎన్ని మెసేజ్‌లు వస్తాయో లెక్కే లేదు. మీ పీడీఎఫ్ నేను తెరవను, నిజం చెప్తున్నా ఏమీ అనుకోవద్దు. చేతిలో పని ఉంటుంది, అది డౌన్‌లోడ్ అవ్వాలి, తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉంటాయి, రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. ఫోటో తీసి పెట్టే నోటీసైతే ఇంకా ఘోరం, తర్వాత "కళ్ళజోడు" అని వెతికితే దొరకదు, చూపు సరిగా లేనివాళ్ళు ఫోన్‌తో చదివించుకోవాలన్నా ఫోటోలో ఉన్న అక్షరాలు చాలాసార్లు పలకదు. మామూలు మెసేజ్‌గా టైప్ చేసి పెట్టండి చాలు. పీడీఎఫ్ కావాలంటే కింద పెట్టుకోండి.

గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ ఉంది కదా, వాట్సాప్‌లో 2018 నుంచీ ఉంది అది, దయచేసి పెట్టండి. మీరు స్లిప్పు గురించి రాయగానే ముప్ఫై మంది "థాంక్యూ మేడం", ఇరవై మంది దణ్ణాలు, నేను సాయంత్రం చూసేసరికి అసలు మెసేజ్ ఎక్కడికో పైకి పోయి ఉంటుంది. పిన్ కూడా చెయ్యొచ్చు, ఒక రోజు, ఏడు రోజులు, ముప్ఫై రోజులు అని అడుగుతుంది, మీకు ఏడు రోజులది సరిపోతుంది.

శుక్రవారం సాయంత్రం పంపడం కూడా తప్పేనేమో ఆలోచించండి, అప్పుడు ఇంట్లో స్కూలు మాట ఎవరికీ గుర్తుండదు. బ్యాగు సర్దేది ఆదివారం రాత్రి. అసలు చాలా ఇళ్ళల్లో గ్రూపులో ఉండేది ఆయన, బ్యాగు సర్దేది మేము. మా ఆయన చూసి "ఏదో నోటీసు వచ్చింది" అంటాడు, ఏంటంటే "ఏదో కళ్ళ గురించి" అంటాడు, అంతే. ఇద్దరి నంబర్లూ చేర్చండి.

లెక్కల_మాస్టారు:
పైన ఇద్దరూ చెప్పింది బాగుంది గానీ నేను కొంచెం వేరే మాట చెప్తా. మనది హైస్కూల్ కదా మేడం, పిల్లలు పన్నెండు నుంచి పదహారేళ్ళ వాళ్ళు. పేరెంట్స్‌ని ఎంత పొడిచినా లాభం లేదు, స్లిప్పు తేవాల్సింది పిల్లాడు, కళ్ళజోడు పెట్టుకోవాల్సింది పిల్లాడు. ఏ క్లాసులోనూ ఎవడూ వాడికి చెప్పకుండా ఇంటికి మెసేజ్ పెట్టేస్తే వాడికి అది అమ్మానాన్నల పని అయిపోతుంది.

నేనేం చేస్తానంటే సోమవారం ఉదయం హాజరు అయ్యాక అయిదు నిమిషాలు, బోర్డు ఒక మూల ఆ వారం గడువులు రాస్తా, నాలుగుకి మించి రాయను, శుక్రవారం దాకా చెరపనివ్వను. నాలుగే ఎందుకంటే, 1956లో జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్టు మనిషి ఒకేసారి ఏడు విషయాల దాకా గుర్తు పెట్టుకోగలడు, అటూ ఇటూ రెండు అని రాశాడు, తర్వాత 2001లో నెల్సన్ కోవన్ వచ్చి అంత లేదు, నాలుగు దగ్గరే ఉంటుంది అన్నాడు. మీ 14 ఎక్కడ పడతాయి చెప్పండి. కాగితం మీద ఉంటుంది కదా అంటారేమో, ఒకసారి చదివి మడిచి పెట్టేశాక అందరూ నడిచేది గుర్తు మీదే.

తర్వాత డైరీలో రాయిస్తా, ఊరికే "స్లిప్పు తేవాలి" అని కాదు. "ఈ రాత్రి అన్నం తినగానే నాన్నతో సంతకం పెట్టించి లెక్కల పుస్తకంలో పెడతా" అని, ఎప్పుడు ఎక్కడ ఏం చేస్తాడో వాడి మాటల్లోనే. ఇది నా సొంత తెలివి కాదు, పీటర్ గోల్విట్జర్ అనే ఆయన 1999లో దీని మీద వ్యాసం రాశాడు, పని చెయ్యాలి అనుకోవడం కన్నా ఫలానా సమయం వచ్చినప్పుడు ఫలానాది చేస్తా అని ముందే ముడి పెట్టుకుంటే జరిగే అవకాశం ఎక్కువని. మొదటి వారం పిల్లలు నవ్వారు, ఇప్పుడు మామూలైపోయింది.

అన్నట్టు స్లిప్పు ఇవ్వనివాళ్ళ పేర్ల లిస్టు గ్రూపులో పెట్టే పని మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. మా దగ్గర ఒకరు పెట్టారు, ఆ లిస్టులో ఉన్న ఒక పిల్లాడి ఇంట్లో అప్పుడే ఎవరో పోయి ఉన్నారు. అలాంటివాళ్ళకి విడిగా ఫోన్ చెయ్యాలి. చదవడం రాని తల్లిదండ్రులుంటే నోటీసే చదివి ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టండి, నిమిషంలో అయిపోకపోతే నోటీసు పెద్దదైందని మీకే తెలుస్తుంది.

లాస్ట్‌బెంచ్:
నేను పదో క్లాసు, మధ్యలో దూరుతున్నా సారీ. టీచర్, మాకు అసలు సమస్య అది కాదు, క్లాసులో ఒకటి చెప్తారు గ్రూపులో ఇంకోటి వస్తుంది. టెస్ట్ గురువారం అని బోర్డు మీద రాసి, రాత్రి గ్రూపులో అదే పెట్టి, పది నిమిషాలకే ఆ మెసేజ్‌ని శుక్రవారం అని మార్చారు ఒకసారి, మా అమ్మ అది పెట్టగానే చదివేసింది కాబట్టి మళ్ళీ చూడలేదు. నేను గురువారానికి చదివి పడుకున్నా, అది వేరే సంగతి. ఆ 11 బాటిళ్ళలో నీలం రంగుది మూత విరిగింది ఉంటే అది నాది అయ్యుండొచ్చు 😅

పాత_గుమాస్తా:
బాబు మంచి మాట చెప్పాడు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల లోపే మార్చగలం, మార్చినా కొత్తగా నోటిఫికేషన్ రాదు. కాబట్టి తేదీ మారితే పాతదాన్ని సరిదిద్ది ఊరుకోకూడదు. "మార్పు" అని మొదలుపెట్టి కొత్త మెసేజ్ పెట్టాలి, పాత తేదీ, కొత్త తేదీ రెండూ రాయాలి. బోర్డు మీద కూడా అదే రోజు మార్చాలి.

చాక్‌పీసు:
అందరికీ చాలా థాంక్స్ అండి, పీడీఎఫ్ సంగతి చదివి కాసేపు బాధపడ్డా గానీ నిజమే. ఈ వారం ఆదివారం సాయంత్రం ఏడింటికి మామూలు మెసేజ్‌గా పెట్టాను, ఇలా:

"సోమవారం 9, అన్ని క్లాసులు: లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వాలి.
బుధవారం 11 లోపు, తొమ్మిదో క్లాసు: ట్రిప్ స్లిప్పు మీద సంతకం పెట్టి పంపండి. ఇదే ఆఖరు.
గురువారం 12, ఎనిమిది, తొమ్మిది: కళ్ళ పరీక్ష రెండో విడత. కళ్ళజోడు పెట్టుకుని రావాలి.
శుక్రవారం 13, పదో క్లాసు: లెక్కల టెస్ట్.
కింద వార్తలు, తీరిక ఉన్నప్పుడు చదవండి."

మంగళవారం రాత్రి స్లిప్పు లైను ఒక్కటే మళ్ళీ పెట్టాను. మా క్లాసులో మిగిలిన 25 మందిలో 21 వచ్చేశాయి, నలుగురికి ఫోన్ చేశాను, అందులో ఒకరు అసలు గ్రూపులోనే లేరు, నంబరు మారి మూడు నెలలైందట. అది మాత్రం నేను ఎన్ని నోటీసులు రాసినా తెలిసేది కాదు.

హెడ్ గారి సందేశం వార్తల్లోకి దించాను. ఆయన ఇంకా చూడలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి:
చూసినా పీడీఎఫ్ తెరవరు లెండి, భయపడకండి.