దీర్ఘశ్వాస తీస్తే కళ్ళు తిరుగుతున్నాయి. రాత్రి కాల్స్ అయ్యాక స్థిమితపడేదెలా?

రాత్రిడ్యూటీ:
సాయంత్రం 6 నుంచి రాత్రి 11 దాకా అమెరికా టీమ్‌తో కాల్స్ ఉంటాయి. ల్యాప్‌టాప్ మూసేసినా బుర్రలో మీటింగ్ నడుస్తూనే ఉంటుంది. దవడలు బిగుసుకుపోతాయి, 1 దాటినా నిద్ర రాదు. గట్టిగా గాలి పీల్చి వదలమన్నారు కదా అని చేస్తే కళ్ళు తిరిగి, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. కపాలభాతి చేస్తే ఇంకా హుషారొస్తోంది. 7 గంటలకు ఒక కాఫీ తాగుతాను. బీపీ, షుగర్ లేవు. రోజూ చేయగలిగేవి, 20 నిమిషాలు దాటనివి చెప్పండి.

ప్రాణసాధన:
కళ్ళు తిరిగేది ఆక్సిజన్ తక్కువై కాదండీ. గబగబా, నిండుగా గాలి వదిలేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. వేళ్ళ తిమ్మిరీ అందువల్లే. మీకు కావాల్సింది పెద్ద ఊపిరి కాదు, నెమ్మది ఊపిరి.

వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చుని, ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద పెట్టుకోండి. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా పీల్చండి, 6 లెక్కపెట్టేదాకా వదలండి. పొట్ట మీది చెయ్యే లేవాలి, ఛాతీ మీదది దాదాపు కదలకూడదు. పీల్చిన చప్పుడు మీకే వినిపిస్తోందంటే ఎక్కువ పీలుస్తున్నట్టే. నిమిషానికి 6 ఊపిరులు పడతాయి. 5 నిమిషాలు చాలు. మొదటి వారం 4, 6 కష్టమైతే 3, 4తో మొదలుపెట్టండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి.

మధ్యలో ఊపిరి బిగపట్టొద్దు. కొత్తవాళ్ళకు అక్కడే గాలి అందనట్టై కంగారు పుడుతుంది. కపాలభాతి ఒంటిని లేపే క్రియ, పొద్దున పరగడుపున చేసుకోవాల్సింది. రాత్రి దాని బదులు భ్రామరి 5 సార్లు చేయండి. నోరు మూసి, పళ్ళు తగలనివ్వకుండా సన్నగా 'మ్' అంటూ ఊపిరి వదలడమే. పళ్ళు ఎడంగా ఉంటాయి కాబట్టి దవడ కూడా వదులవుతుంది.

ఫిల్టర్‌డికాక్షన్:
అసలు దొంగ ఆ 7 గంటల కాఫీ. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, అంటే అర్ధరాత్రికి కూడా సగం మీ ఒంట్లోనే ఉంటుంది. ఆఖరి కప్పు మధ్యాహ్నం 2 లోపు తాగేయండి. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి పట్టుకుంటుంది, అందుకని ముందు సాయంత్రం కప్పులో డికాక్షన్ సగానికి తగ్గించండి, వారం తర్వాత ఆపేయండి. చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి చికోరీ ఎక్కువున్న పొడి వాడినా కొంత మేలే. కాఫీ మానేసి టీ పట్టుకుంటే లాభం తక్కువ. బాగా మరిగించిన టీలోనూ కెఫీన్ ఉంటుంది.

మందార:
పై రెండూ సరైనవే, కానీ బుర్రలో తిరిగే మీటింగ్‌కి కాగితం కావాలి. కాల్ అయిన వెంటనే, మంచం ఎక్కకముందే, రేపటి పనులు చేత్తో రాయండి. 'క్లయింట్ సంగతి' అని రాస్తే పని జరగదు. 'పొద్దున 10కి ఫలానా ఫైల్ పంపాలి' అన్నంత వివరంగా ఉండాలి. తర్వాత ఏం చేయాలో తేలని పనినే మనసు పదేపదే తవ్వుతుంది.

బిగుసుకున్న కండరాలకు: పిడికిళ్ళు 5 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలి, 20 సెకన్లు ఆ వదులుని గమనించండి. తర్వాత భుజాలు చెవుల దాకా ఎత్తి, ఆపైన ముఖం, పొట్ట, పాదాలు. సగం బలంతో బిగిస్తే చాలు. పిక్కలు గట్టిగా బిగిస్తే కొంకర్లు పోతాయి.

పడుకుని 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతుర్లో కూర్చోండి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్ళీ మంచం ఎక్కండి. గడియారం మాత్రం చూడొద్దు.

ఇవన్నీ చేసినా నెల దాటి ఇలాగే ఉంటే, లేదా గుండెదడ, ఏడుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రాత్రిడ్యూటీ:
చాలా థాంక్సండీ. ముక్కుదిబ్బడ ఉన్న రోజు ఊపిరి సంగతేంటి?

ప్రాణసాధన:
ఆ రోజు ముక్కుతో పట్టుబట్టొద్దు. పీల్చగలిగినంత పీల్చి, ఈల వేసేటప్పటిలా పెదాలు ముడిచి సన్నగా వదలండి. అదీ ఇబ్బందిగా ఉంటే ఆ రోజుకి ఊపిరి సాధన మానేసి, మందార గారు చెప్పిన పిడికిళ్ళ పద్ధతి ఒక్కటే చేయండి.